వార్ధక్యమున ఆహారము, మేధస్సు

ముదిమియందు జ్ఞాపకశక్తియు వివేచనయు క్షీణించుటకును, మనుష్యుడు నిత్యము భుజించు అన్నమునకును గల సంబంధమును గూర్చిన విచారము ప్రాచీనమైనదే యైనను, అది పరీక్షకు నిలుచు శాస్త్రముగా రూపొందినది గత నూటయేబది సంవత్సరములలోనే. ఈ చరిత్రలో రెండు ఘట్టములు గోచరించును. ఆహారమున ఏదో యొక పదార్థము లోపించుటచేత మతి చెడుననియు, దానిని తిరిగి యిచ్చినచో మతి కుదుటపడుననియు నిరూపించినది మొదటి ఘట్టము. ఏ లోపమును లేని వృద్ధునకు సైతము మంచి భోజనక్రమముచే మతిభ్రంశమును దూరముగా నుంచవచ్చునా యని వెదకుచున్నది రెండవ ఘట్టము. మొదటిదాని ఫలితములు నిస్సంశయములు. రెండవదానివి ఆశ గొలుపునవే కాని యింకను అసంపూర్ణములు. ఈ తారతమ్యమును గుర్తింపకపోవుటచేతనే, చికిత్సకు లొంగు లోపములను ముసలితనపు చాదస్తమని కొట్టివేసి, ఫలము తేలని గుళికలకు ధనము వెచ్చించుట లోకమున సాధారణమైనది.

ఆయుర్వేదము వార్ధక్యచికిత్సను రసాయనతంత్రమను పేర అష్టాంగములలో ఒకటిగా నెలకొల్పినది. చరకసంహిత చికిత్సాస్థానమున మేధ్యరసాయనములుగా మండూకపర్ణి, యష్టిమధువు, గుడూచి, శంఖపుష్పి అను నాలుగు ఓషధులు చెప్పబడినవి. వీనిలో మండూకపర్ణి తెలుగునాట సరస్వతి ఆకుగను, గుడూచి తిప్పతీగగను ప్రసిద్ధములు. ఇవి ఎంతవరకు ఫలించునో నేటి ప్రమాణములతో తేల్చు పెద్ద పరీక్షలు జరుగవలసియే యున్నవి. అయినను మేధస్సునకు పోషణ యొకటి కలదను భావము అంత పూర్వమే వైద్యమున స్థిరపడుట గణనీయము.

ఆధునిక చరిత్ర బియ్యపుగింజతో ఆరంభమగును. గంజాము మొదలు గుంటూరు వరకు వ్యాపించిన ఉత్తర సర్కారులలో సిపాయిలను పీడించిన, కాళ్లు చచ్చుబడు బెరిబెరి వ్యాధిని గూర్చి మద్రాసు సైన్యవైద్యుడు మాల్కమ్సన్ 1835లోనే గ్రంథము ప్రకటించెను గాని, కారణ మాతనికి దొరకలేదు. బటేవియాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890 తరువాత, తెల్లగా పాలిషు పట్టిన బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు తిరిగి యిచ్చినంతనే అవి లేచి తిరుగుటయు గమనించెను. తవుడునందలి యేదో యొక పదార్థము నాడులకు అత్యావశ్యకమని ఆతని అనుచరుడు గ్రైన్స్ 1901లో సిద్ధాంతీకరించెను. ఆ పదార్థమే బి1 విటమిను, అనగా థయమిన్. అది 1926లో శుద్ధముగా వేరుపరుపబడి, 1936లో ప్రయోగశాలయందు కృత్రిమముగా నిర్మింపబడినది.

తెలుగుతీరమే యేల ఈ వ్యాధికి నెలవైనదను ప్రశ్నకు కూనూరులోని పోషకాహార పరిశోధనశాల సమాధానము చెప్పినది. 1918లో మెకారిసన్ బెరిబెరి విచారణకై స్థాపించిన చిన్న విభాగమే ఆ శాలకు మూలము. 1935 నుండి దానికి అధ్యక్షుడైన అయక్రాయిడ్, ఉప్పుడు బియ్యము తిను దక్షిణదేశీయులు ఈ వ్యాధి బారి నుండి తప్పించుకొనుచుండగా, మిల్లు పట్టిన పచ్చిబియ్యము తిను సర్కారుల ప్రజలు దానికి లోబడుచుండిరని వివరించెను. ధాన్యమును నానబెట్టి ఉడికించి ఎండబెట్టునపుడు పైపొరలోని థయమిన్ గింజలోనికి చొచ్చుకొనిపోవును. పచ్చిబియ్యమునందో అది తవుడుతోపాటు పశువుల కుడితిలోనికి పోవును. రోకటితో దంచుకొన్న బియ్యము తిన్న తరములు ఎరుగని లోపమును మిల్లు తెచ్చిపెట్టినదనుట అతిశయోక్తి కాదు.

ఈ లోపము కాళ్లతో ఆగునది కాదు. 1881లో వెర్నికి కనులు తిరుగక, నడక తూలి, మతి చలించు వ్యాధిని వర్ణించెను. 1887లో రష్యా వైద్యుడు కోర్సకోవ్, క్రొత్త సంగతు లేవియు మనస్సున నిలువని రోగులను వర్ణించెను. సింగపూరునందలి యుద్ధఖైదీలలో ఇట్టి మతిచాంచల్యమును చూచిన వైద్యులు డి వార్డెనర్, లెనాక్స్ 1947లో దానిని మెదడుకు సోకిన బెరిబెరిగా గుర్తించిరి. మద్యపానాసక్తులయందును, దీర్ఘకాలము అన్నము సయింపక కృశించిన వృద్ధులయందును నేటికిని ఇది కానవచ్చును. సకాలమున థయమిన్ ఇచ్చినచో రోగి తేరుకొనును. ఆలసించినచో మరపు శాశ్వతమగును.

పెలాగ్రా చరిత్రయు ఇట్టిదే. స్పెయినునందు మొక్కజొన్నయే ఆధారమైన పేదలలో కసాల్ 1735లో దీనిని కనుగొనెను: మొదట చర్మము కమలును, పిదప విరేచనములు పట్టును, తుదకు బుద్ధి తప్పును. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండియుండగా, 1914లో అచటికి పంపబడిన గోల్డ్‌బర్గర్, రోగులకు వచ్చు వ్యాధి వారికి ఉపచారము చేయువారికి రాకుండుట చూచి, ఇది అంటురోగము కాదని గ్రహించి, పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుజాతి గింజలు పెట్టి దానిని నివారించెను. 1937లో ఎల్వెహ్యెమ్ నికోటినికామ్లమే ఆ మందని తేల్చెను. ఆకలి వలన కలిగిన వ్యాధికి పిచ్చియను పేరు పెట్టి ఎందరిని ఆ గోడల నడుమ బంధించిరో తలచినపుడు మనస్సు కలుక్కుమనును.

దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాక జొన్నయే ప్రధానాహారమైన పేదలలోను పెలాగ్రా కనిపించుటచేత ఈ విచారము మనదేశమునకు చేరినది. కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. అచట గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో, జొన్నయందు మితిమీరియున్న ల్యూసిన్ శరీరమున నికోటినికామ్లపు నిర్మాణమును చెరచునని ప్రతిపాదించిరి. ఈ వాదముపై పిమ్మట భేదాభిప్రాయములు వచ్చినను, జొన్నరొట్టెతో పాటు పప్పు, పాలు, కూర లభించినవారికి ఈ వ్యాధి రాదనుటలో వివాదము లేదు.

వృద్ధులకు అన్నిటికంటె ముఖ్యమైనది బి12 విటమిను కథ. ప్రాణాంతకమని పేరుపడిన పాండురోగమునకు పచ్చికాలేయము తినిపించుట చికిత్సయని 1926లో బోస్టనునందు మైనట్, మర్ఫీ చూపిరి. దానిలోని సారము 1948లో వేరుపరుపబడి బి12గా నామకరణము పొందినది. ఇదే కాలమున దీనికి తోబుట్టువువంటి ఫోలికామ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు నాయకుడు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. సోదరులను స్ప్రూ అను పేగుల వ్యాధికి కోల్పోయి, తానును దానిచే బాధపడిన ఆ మహనీయుని కృషి ఆ వ్యాధికే మందైనది. అయితే ఇచట నొక ప్రమాదము గలదు: బి12 లోపించినవానికి ఫోలికామ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడి, నాడుల క్షయము గుట్టుగా సాగిపోవును.

పాండురోగము లేకుండనే మతి చెడుట కలదని 1988లో లిండెన్‌బామ్ స్పష్టపరచెను; బి12 లోపముచే నాడీ మానసిక వికారములు కలిగిన 141 మంది రోగులలో 40 మందికి రక్తహీనత గాని, రక్తకణముల వైపరీత్యము గాని లేదు. వయస్సు పెరిగినపుడు జఠరమున ఆమ్లము తగ్గి అన్నమునందలి బి12 విడివడకుండుటయు, మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్, కడుపుమంటకు వాడు మాత్రలు దాని శోషణను తగ్గించుటయు, శాకాహారమున అది పాలయందు తప్ప దాదాపుగా దొరకకుండుటయు కలిసి, మన వృద్ధులలో ఈ లోపమును సామాన్యము చేయుచున్నవి. ఆక్స్‌ఫర్డునందు డేవిడ్ స్మిత్ బృందము 2010లో, తేలికపాటి మరపు గల 70 ఏండ్లు దాటినవారికి రెండేండ్లు బి విటమినులిచ్చి మెదడు కృశించు వేగము తగ్గెనని చూపెను. కాని సామాన్య వృద్ధజనమునకు వాని నిచ్చిన పెద్ద పరీక్షలలో బుద్ధిశక్తి నిలుచుట కానరాలేదు. లోపము గలవారికి అమృతము, లేనివారికి వ్యర్థము!

1906లో ఆల్జీమర్ వర్ణించిన వ్యాధికి ఇట్టి యేకైక లోపము కారణము కాకపోవుటచేత, దృష్టి భోజనక్రమమువైపు మరలినది. యాన్సెల్ కీస్ 1958లో ఆరంభించిన ఏడుదేశముల పరిశోధన గుండె కొరకై మధ్యధరాప్రాంతపు ఆహారమును కీర్తించెను. గుండెకు మేలైనది మెదడు రక్తనాళములకును మేలగునను తలంపుతో స్కార్మియాస్ 2006లో న్యూయార్కు వృద్ధులను పరిశీలించి, ఆ ఆహారమునకు కట్టుబడినవారిలో ఆల్జీమర్ వ్యాధి తక్కువగా నుండెనని తెలిపెను. చికాగోలో మార్తా క్లేర్ మోరిస్ 2015లో ఆకుకూరలకును గింజలకును ప్రాధాన్యమిచ్చి "మైండ్" అను క్రమమును రూపొందించెను. కాని దానిని 604 మందిపై మూడేండ్లు పరీక్షించిన ఫలితములు 2023లో వెలువడినపుడు, తక్కువ తినుటను మాత్రమే నేర్పబడినవారికంటె ఈ క్రమము పాటించినవారు అధికముగా లాభపడలేదని తేలినది. ఫిన్లాండునందు 60 నుండి 77 ఏండ్ల వయస్సుగల 1,260 మందికి ఆహారముతో పాటు వ్యాయామము, బుద్ధిసాధన, రక్తపోటు మున్నగువాని పర్యవేక్షణ కలిపి యిచ్చి 2015లో ప్రకటించిన పరీక్ష మిక్కిలి నమ్మకము గొలుపునది. అందు అన్నమునకు ఎంత భాగమో వేరుచేసి చెప్పజాలము.

మనదేశమున, హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో ఆల్జీమర్ వ్యాధి స్వల్పమని 2001లో ప్రకటింపబడినప్పటి నుండి పసుపునకు గొప్ప ఖ్యాతి వచ్చినది గాని, మనుష్యులపై జరిగిన పరీక్షలలో పసుపుసారము ఆ రోగమును కుదిర్చిన దాఖలా లేదు. 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త అంచనా 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతమునకు మతిభ్రంశ మున్నదని చెప్పుచున్నది. పండ్లూడి నమలలేక, పిల్లలు దూరదేశములలో నుండగా ఒంటికి వండుకొన నోపక, రెండు పూటలును పలుచని మజ్జిగన్నముతోను ఊరగాయతోను సరిపెట్టుకొను వృద్ధులు తెలుగునాట ఎందరో కలరు; పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు ఆ కంచము నుండి ఒకటొకటిగా తొలగుచుండగా, ఊరగాయలోని ఉప్పు రక్తపోటును పెంచుచుండును. ఇట్టివారికి మరపు వచ్చినపుడు రక్తమున బి12ను పరీక్షించుట నేడు పట్టణములలో సులభసాధ్యము. లోపము బయటపడినచో సూదిమందుతోనో మాత్రలతోనో కొలది నెలలలో మెరుగు కానవచ్చును, ఏండ్ల తరబడి ఉపేక్షించినచో మాత్రము నాడులకు కలిగిన హాని పూర్తిగా తొలగదు.