క్యాటలిటిక్ కన్వర్టర్ల చోరీలు - వాహన యజమానులు తీసుకోవలసిన జాగ్రత్తలు

రాత్రి ఇంటి ముందు నిలిపిన వ్యాను ఉదయం తాళం తిప్పగానే ట్రాక్టరు వలె గర్జించినట్లయితే, యజమాని ముందుగా వాహనం అడుగు భాగాన్ని పరిశీలించవలసి ఉంటుంది. ఇంజను నుంచి వెనుకకు సాగే పొగగొట్టంలో ఒక భాగం అక్కడ లేకపోవచ్చు. ఫిర్యాదులలో 'సైలెన్సర్ పోయినది' అని నమోదయ్యే ఈ చోరీలలో దొంగలకు కావలసినది సైలెన్సర్‌తో కలిసి ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్.

ఉక్కు తొడుగు లోపల తేనెపట్టు వలె సన్నని రంధ్రాలు గల పింగాణీ దిమ్మ ఇందులో ఉంటుంది. దానిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఈ పూతను తాకి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారతాయి. ఒక్కొక్క వాహనంలో ఈ లోహాలు కొద్ది గ్రాములకు మించవు. అయితే 2021 మార్చిలో రోడియం ధర ఔన్సుకు, అనగా 31 గ్రాములకు, దాదాపు 29 వేల అమెరికన్ డాలర్లకు చేరింది. తరువాత ధర బాగా తగ్గినప్పటికీ, ఆ కాలంలో పాత ఇనుము వ్యాపారంలో ఏర్పడిన కొనుగోలు మార్గాలు మిగిలిపోయాయి. దొంగ దిమ్మను పగులగొట్టి పొడి చేసిన తరువాత అది ఏ వాహనానిదో గుర్తించడం దాదాపు అసాధ్యం.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు ఈ పరికరాన్ని తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అనంతరం గుజరాత్, మహారాష్ట్రలలో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్ల చోరీలు వరుసగా వెలుగుచూశాయి. ఇటీవలి చిన్న కార్లు అనేకంలో కన్వర్టరు ఇంజను పక్కనే ఉండడం వల్ల తీయడం కష్టం. ఈకో వంటి వ్యాన్లలో అది అడుగున ఉంటుంది, పానాతో నట్లు విప్పితే చాలు. బడిపిల్లలను, కూరగాయలను, రోగులను చేరవేసే ఈ వ్యాన్లు చాలావరకు రాత్రిళ్లు వీధిలోనే ఉంటాయి. కొత్త కన్వర్టరుకు పదుల వేల రూపాయలు అవుతుంది. అది బిగించే వరకు బండి కదలదు, ఆ రోజుల కిరాయి కూడా పోయినట్లే.

అమెరికాలో ఇదే చోరీ ప్రాణాల మీదకు వచ్చింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే టెక్సాస్ రాష్ట్రంలో, 2022 మార్చి 31న, తన వాహనం కింద కన్వర్టరు కోస్తున్న దొంగలను అడ్డుకోబోయిన హారిస్ కౌంటీ డిప్యూటీ షెరిఫ్ ఒకరు కాల్పులలో మరణించారు. ఆ రాష్ట్రం 2023లో ఆయన పేరుతోనే చట్టం చేసి, కొనుగోలుదారులపైనా కఠిన నిబంధనలు విధించింది. దొంగలు పనిలో ఉండగా చూసినవారు ఒంటరిగా ఎదుర్కొనరాదు. దూరం నుంచి 112కు ఫోన్ చేయాలి.

వాహనాన్ని వెలుతురు, కాపలా ఉన్నచోట, వీలైతే పొగగొట్టం ఉన్న వైపు గోడకు దగ్గరగా నిలపాలి. ఎక్కువ వ్యాన్లు ఉన్నవారు వాటి మధ్య మనిషి దూరే సందు లేకుండా ఉంచడం మేలు. సాధారణ నట్లకు బదులు తేలికగా విప్పరాని నట్లు వేయించవచ్చు. అడుగున ఇనుప జాలీ బిగించవచ్చు గాని, కన్వర్టరు నడుస్తున్నప్పుడు వందల డిగ్రీల వేడెక్కుతుంది కనుక గాలి ఆడని మూత పనికిరాదు, ఆక్సిజన్ సెన్సరు తీగలకు వెల్డింగు వేడి తగలరాదు. ఉక్కు తొడుగుపై రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించి ఫొటో తీసి ఉంచుకోవడం ఖర్చు లేని జాగ్రత్త. చోరీని అది ఆపకపోయినా, పాత ఇనుము కొట్టులో పగలని తొడుగు దొరికితే అది ఎవరిదో చెబుతుంది.

మరమ్మతు షెడ్డులోనూ అప్రమత్తత అవసరం. 'పాతది ఇచ్చెయ్యండి, కొత్త సైలెన్సర్ ఊరికే వేస్తాం' అనే మాట వినిపిస్తే, ఆ పాతదాని విలువ చెప్పేవారికి తెలుసునని గ్రహించాలి. లోపల ఖాళీగా ఉన్న గొట్టం బిగిస్తే శబ్దంలో తేడా తెలియకపోవచ్చు. ఇంజను హెచ్చరిక దీపం వెలగడం, కాలుష్య తనిఖీలో అంకెలు పెరగడం దానికి సూచనలు. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన వాహనాన్ని నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారి 10 వేల రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. నష్టపోయినవాడే నేరస్థుడుగా నిలబడే స్థితి ఇది.

ఫిర్యాదు రాసేటప్పుడే ఎక్కువమంది పొరపడుతున్నారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టాల ప్రకారం, చోరీ సొత్తు విలువ 5,000 రూపాయల లోపు అయితే భారతీయ న్యాయ సంహిత 303(2) సెక్షన్ కింది నేరం నాన్ కాగ్నిజబుల్ అవుతుంది, అనగా మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు. 'పాత సైలెన్సర్' అని రాసి విలువ తెలుపకపోతే కేసు అక్కడికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. కనుక 'క్యాటలిటిక్ కన్వర్టర్‌తో కూడిన సైలెన్సర్' అని స్పష్టంగా పేర్కొని, అధీకృత డీలరు ఇచ్చిన ధర అంచనాను జతపరచాలి. సరుకులు లేదా ప్రయాణికులను చేరవేసే వాహనం నుంచి వస్తువును దొంగిలించడానికి 305వ సెక్షన్ ఏడేళ్ల వరకు జైలు శిక్ష నిర్దేశిస్తున్నది. ఈ అంశాన్ని స్టేషన్ అధికారులు పరిశీలించవచ్చు. దొంగసొత్తు అని తెలిసి కొన్నవారికి 317వ సెక్షన్ వర్తిస్తుంది. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినవారు మూడు రోజులలో సంతకం చేయవలసి ఉంటుంది.

థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవారికి ఈ నష్టంపై పరిహారం రాదు. సమగ్ర పాలసీ గలవారు ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఫొటోలతో వెంటనే బీమా సంస్థకు తెలియజేయాలి. సర్వేయరు చూడకముందే కొత్త భాగం బిగించుకోరాదు.