గణనపు జల్లెడ: అతివాహక పదార్థముల అన్వేషణము

నిరోధము లేశమైనను లేక విద్యుత్తును ప్రవహింపనిచ్చు పదార్థములకు అతివాహకములని పేరు. ఏ పదార్థమునకు ఈ గుణము కలదో, అది యెంత చల్లబడినపుడు పొడసూపునో, ఆ పదార్థమును కొలిమిలో వండి తీయుటకు పూర్వమే దాని పరమాణువుల అమరికనుబట్టి కంప్యూటరుపై లెక్కించి, వేలకొలది సమ్మేళనములలో ప్రయోగశాలకు పంపదగిన కొన్నింటిని ఏర్చితీయు పద్ధతి గణన శోధనము. పెద్ద కన్నుల జల్లెడతో ఆరంభించి క్రమముగా సన్నని జల్లెడలు పట్టుచు పోవుటవంటి పని యిది. ఒక్కొక్క జల్లెడకగు లెక్క ముందుదానికంటె అనేక రెట్లు హెచ్చు గనుక, దేని తరువాత దేనిని పట్టవలెనో యెరుగుటయే యిందలి నేర్పు.

ఈ శ్రమ యెవరికొరకని యడుగువారికి సమాధానము దూరమున లేదు. మహారాష్ట్రమునందలి అహేరి, సిరోంచ ప్రాంతములనుండి ప్రాణహిత నదిని దాటి మంచిర్యాలకో వరంగల్లుకో వైద్యమునకై పోయిన రోగి ఎం.ఆర్.ఐ. యంత్రమున పరుండినపుడు, సాధారణముగా అతని చుట్టునున్నది నియోబియం, టైటానియంల మిశ్రలోహపు తీగచుట్ట. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు తయారుచేయు లోహములలో నియోబియం ఒకటి. ఆ తీగ సుమారు 10 కెల్విన్‌లకు లోపల మాత్రమే, అనగా సెంటిగ్రేడు సున్నకు 260 డిగ్రీలకు పైగా దిగువన మాత్రమే, అతివాహకము. కావుననే దానిని ద్రవ హీలియముతో చల్లగా నుంచవలసి యున్నది. హీలియము దుర్లభము, మిక్కిలి ప్రియము. అంతటి శీతలము అక్కరలేక, తీగగా సాగుటకు అనువై, చవుకగా లభించు పదార్థము దొరకెనేని అట్టి యంత్రము తాలూకా ఆసుపత్రికి వచ్చుటకున్న అడ్డంకులలో ఒక పెద్దది తొలగును.

1911లో లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ పాదరసమును చల్లార్చుచుండగా 4.2 కెల్విన్‌ల సమీపమున దాని నిరోధము హఠాత్తుగా అంతర్ధానమయ్యెను. నాటినుండి చిరకాలము అన్వేషణ చేతిపనియే. ఈ విద్యలో అగ్రగణ్యుడైన బెర్న్డ్ మథియాస్ వందలకొలది మిశ్రలోహములను కరగించి పరీక్షించి, 1954లో 18 కెల్విన్‌ల నియోబియం-తగర సమ్మేళనమును వెలికి తెచ్చి, తన యనుభవసారమును కొన్ని సూత్రములుగా కూర్చెను: ఆమ్లజనిని విడువవలెను, విద్యుద్బంధకములను విడువవలెను, అయస్కాంత ధర్మమున్న వాటిని విడువవలెను. ఇవి అనుభవజ్ఞుని మాటలు. ఐనను రెండు మారులు ప్రకృతి వీనిని త్రోసిపుచ్చెను. 1986లో జూరిచ్ సమీపమున బెడ్నోర్జ్, ముల్లర్ అనువారు రాగి ఆక్సైడులలో, అనగా ఆమ్లజనితో నిండి బంధకములకు చుట్టములైన పదార్థములలో, అంతవరకు ఎరుగని ఉన్నతోష్ణోగ్రతల అతివాహకతను కనుగొనిరి. మరుసటి యేడే 93 కెల్విన్‌ల పదార్థము లభించెను.

రెండవ భంగము ఇనుమువలన కలిగెను. అహేరి పొరుగున ఏటపల్లి తాలూకాలోని సుర్జాగఢ్ కొండలు ఇనుప ఖనిజమునకు నెలవులు. ఈ సీమవారికి చిరపరిచితమైన ఆ లోహమే, తన అయస్కాంత గుణముచేత అతివాహకతకు బద్ధశత్రువని పండితులు దశాబ్దములపాటు దూరముంచిరి. 2001లో జపాను పరిశోధకులు గొప్ప పీడనమున శుద్ధమైన ఇనుమే 2 కెల్విన్‌ల దరిదాపున అతివాహకమగునని చూపిరి. 2008లో హిదెవో హొసోనో బృందము లాంతనమ్, ఇనుము, ఆర్సెనిక్, ఆమ్లజనుల సమ్మేళనమునకు కొంత ఫ్లోరిన్ చేర్చి 26 కెల్విన్‌లను సాధించెను.

జల్లెడ యెందుకు కావలెనో తెలుపు కథ మరొకటి కలదు. మెగ్నీషియం డైబోరైడు 1950ల నాటినుండి రసాయనజ్ఞులకు తెలిసిన పొడి. అది 39 కెల్విన్‌ల అతివాహకమని అకిమిత్సు బృందము 2001లో కనుగొనువరకు, అర్ధశతాబ్దము, ఎవరును దానిని ఆ దృష్టితో చల్లార్చి చూడలేదు. తెలిసిన స్ఫటికముల పట్టికలలో నేడు రెండు లక్షలకు మించిన నమోదులున్నవి. వాటినన్నిటిని చేతితో పరీక్షించుట యే తరమునకును సాధ్యము కాదు.

లెక్కకు పునాది 1957 నాటి బార్డీన్, కూపర్, ష్రీఫర్ల సిద్ధాంతము. స్ఫటిక జాలకపు కంపనముల మధ్యవర్తిత్వమున ఎలక్ట్రానులు జంటలై నడచుట అతివాహకతకు కారణమని అది చెప్పెను. ఆ కంపనముల వేగము, ఎలక్ట్రానులకు వాటితో గల బంధపు బలము తెలిసినచో సందిగ్ధ ఉష్ణోగ్రతను, అనగా అతివాహకత పొడసూపు ఉష్ణోగ్రతను, రాబట్టు సూత్రమును మెక్‌మిలన్ 1968లో ఇయ్యగా, అల్లెన్, డైన్స్ 1975లో సవరించిరి. ఈ రాశులను పరమాణువుల అమరికనుండియే గణించుటకు వాల్టర్ కోన్, అతని సహచరులు 1964, 1965లలో నిర్మించిన ఎలక్ట్రాన్ సాంద్రతా సిద్ధాంతము సాధనమయ్యెను. మొదటి జల్లెడలో లోహములు కానివి రాలిపోవును. రెండవదానిలో ఫెర్మీ స్థాయివద్ద (ఎలక్ట్రానులు నిండిన శక్తిస్థాయిల పై అంచున) ఎలక్ట్రాన్ స్థితులు పలుచగా నున్నవి, జాలకము మెత్తనైనవి పోవును. పిమ్మట కంపనములను గణించి, ఆ యమరిక నిలుచునో కూలునో చూతురు. తుదకు, మిక్కిలి వ్యయసాధ్యమైన బంధబలపు లెక్క. 2022లో అమెరికా ప్రమాణ సంస్థకు చెందిన చౌధరి, గ్యారిటీ అనువారు 1,736 పదార్థములను ఏరి, 1,058 పదార్థములకు ఈ తుది లెక్క కట్టగా, నిలకడగలిగి 5 కెల్విన్‌లకు తగ్గనివి 105 మిగిలెను. ఈ లెక్కలలో ఎలక్ట్రానుల పరస్పర వికర్షణమును తెలుపు సంఖ్యను మాత్రము చాలవరకు అలవాటు ప్రకారము చేతితో వేయుదురు. నా దృష్టిలో ఈ విద్యయందలి బలహీనమైన అతుకు ఇదియే.

లెక్కకును కొలిమికిని గల సంబంధము ఇనుము-బోరాను కథలో స్పష్టముగా కనబడును. ఒక ఇనుప పరమాణువునకు నాలుగు బోరానుల చొప్పున ఏర్పడు సమ్మేళనమొకటి సాధ్యమని, అది 15 మొదలు 20 కెల్విన్‌ల అతివాహకమని కొల్మొగొరొవ్, అతని సహచరులు 2010లో గణించి ప్రకటించిరి. అప్పటికి దానిని చూచినవారు లేరు. 2013లో జర్మనీలోని బైరాయిట్ పరిశోధకుల బృందము అధిక పీడనమున దానిని నిర్మించెను. స్ఫటికపు అమరిక చెప్పినట్లే యున్నది. అతివాహకతయు కలదు, బోరాను ఐసోటోపును మార్చినపుడు సందిగ్ధ ఉష్ణోగ్రత మారుటచేత కంపనములే కారణమనియు తేలెను. కాని ఆ ఉష్ణోగ్రత 2.9 కెల్విన్‌లు మాత్రమే. సంఖ్య తప్పినను, లేని పదార్థమును లెక్క ముందుగా చూపుట సామాన్య విషయము కాదు.

హైడ్రోజన్ సమ్మేళనములలో సంఖ్యయు నిలిచినది. 2014లో చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయమువారు, తీవ్ర పీడనమున ఒక గంధకమునకు మూడు హైడ్రోజన్ల సమ్మేళనము సుమారు 200 కెల్విన్‌ల అతివాహకమని లెక్కగట్టిరి. 2015లో జర్మనీలోని మైన్జ్ నగరమున ఎరెమెట్స్ బృందము 203 కెల్విన్‌లను కొలిచెను. లాంతనమ్ హైడ్రైడు విషయమున 2017 నాటి జోస్యమును 2019లో ప్రకటించిన కొలతలు సుమారు 250 కెల్విన్‌లతో సమర్థించినవి. ఇది మంచు కరగు తావుకు కొద్దిపాటి దిగువ. ఐతే దీనికి పదిహేను లక్షల వాతావరణములకు మించిన పీడనము కావలెను. రెండు వజ్రపు మొనల నడుమ నలిగిన సూక్ష్మరేణువునుండి తీగ లాగుట కుదరదు.

ఇటీవలి పద్ధతి యంత్ర శిక్షణము. 2018లో స్టానెవ్ బృందము జపానుకు చెందిన సూపర్‌కాన్ పట్టికలోని 12,000కు పైబడిన పదార్థములతో కంప్యూటరుకు పాఠము చెప్పి, తెలిసిన స్ఫటికములను జల్లించి ముప్పదికి పైగా అభ్యర్థులను ఏరెను. ఇట్టి పాఠమునకు గెలుపులెంత ముఖ్యమో ఓటములును అంతే ముఖ్యము. కాని ఓటములను అచ్చువేయువారు అరుదు. హొసోనో నేతృత్వమున సాగిన అన్వేషణలో వెయ్యికి చేరువగా పదార్థములను పరీక్షించి, అతివాహకత కనబడని సుమారు 700 పదార్థముల జాబితాను 2015లో ప్రకటించుట ఈ శాస్త్రమునకు జరిగిన గొప్ప ఉపకారము.

జల్లెడ కన్నులు సిద్ధాంతమునుబట్టి అల్లినవి గనుక, సిద్ధాంతమెరుగనిది వాటినుండి జారిపోవును. అహేరి యున్న మహారాష్ట్రమునందే, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో ఎస్. రామకృష్ణన్ బృందము, శుద్ధమైన బిస్మత్ స్ఫటికము సాధారణ పీడనముననే, ఒక కెల్విన్‌లో సుమారు రెండువేలవ వంతైన 0.00053 కెల్విన్‌కు లోపల, అతివాహకమగుచున్నదని 2016 డిసెంబరులో ప్రకటించెను. బిస్మత్‌లో లక్ష పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే స్వేచ్ఛగా సంచరించు ఎలక్ట్రానులుండును. ఫెర్మీ స్థాయి స్థితులను లెక్కించు జల్లెడ దానిని నిలువనీయదు.