సారెతో పాటు వచ్చిన మనిషి

అంతఃపురం అనగానే మనకి సినిమావాళ్ళు ఒక బొమ్మ గీసి పెట్టారు. పాలరాతి కొలను, అందులో గులాబీ రేకులు, చుట్టూ పళ్ళేలు పట్టుకున్న చెలికత్తెలు, మధ్యన ఉయ్యాల మీద రాణీగారు. ఆవిడకి వంట లేదు, అంట్లు లేవు, పిల్లల స్కూలు ఫీజు బెంగ లేదు. పనిమనిషి రాని రోజు పొద్దున్నే సింకు ముందు నిలబడి, ఆ రాణీగారిని తలుచుకుని ఒక్క నిట్టూర్పైనా విడవని ఇల్లాలు ఉంటుందా?

అయితే ఆ రాణీగారి ఇంటి జమాఖర్చులు ఒకాయన రాసిపెట్టాడు. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ రాసిన ‘ఐన్-ఎ-అక్బరీ’లో జనానా గురించి చిన్న ప్రకరణం ఉంది. అది చదివితే కొలనూ గులాబీలూ కనబడవు. పెద్ద ఆఫీసు కనబడుతుంది! లోపల ఐదు వేలమందికి పైగా ఆడవాళ్ళు. వాళ్ళని విభాగాలుగా పంచి, ఒక్కో విభాగానికి ఒక్కో ఆడ అధికారి. పై తరగతి వాళ్ళకి నెలకి 1,028 నుంచి 1,610 రూపాయల దాకా జీతం. పనివాళ్ళలో కొందరికి 20 నుంచి 51, మరికొందరికి 2 నుంచి 40. ఏదైనా కావలసివస్తే తన జీతం హద్దులోనే అర్జీ పెట్టుకోవాలి. అది గుమాస్తా చేతిలో పడి, ఆ తర్వాతే డబ్బు చేతికొస్తుంది. ఇక కాపలా సంగతి. లోపల ఆడవాళ్ళు, ఆవరణ బయట ఖోజాలు, వాళ్ళకి అవతల రాజపుత్రులు, ఇంకా అవతల ద్వారపాలకులు. చీర కొనుక్కోవడానికి మొగుణ్ణి డబ్బు అడగాలంటేనే మనకి చిన్నతనం. అక్కడ నాలుగు కాపలాల మధ్య కూచుని దరఖాస్తు రాసుకోవాలి!

ఆ ఐదు వేలమందీ చక్రవర్తి భార్యలనుకోకండి. తల్లులు, మేనత్తలు, అక్కచెల్లెళ్ళు, దాదులు, వంటవాళ్ళు, దాసీలు అందరూ ఆ లెక్కలోనే. నాకెప్పుడూ ఆ 1,610 రూపాయల బేగం మీద కంటే, 2 రూపాయల మనిషి మీదే కుతూహలం. ఆవిడ పేరు ఏమిటి? ఏ ఊరిది? ఎవరి పిల్ల? అబుల్ ఫజల్ జీతం రాశాడు గాని పేరు రాయలేదు.

అక్బరు దాకా ఎందుకు, మా జిల్లా సంగతే చెబుతాను. రుక్మమ్మపేట అనీ, పాలమూరు అనీ పిలుచుకున్న మా ఊరు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాపురమున్న కింగ్ కోఠీలో ఒక గేటుకి ఎప్పుడూ పరదా వేలాడుతుండేది. జనం దాని పేరే పరదా గేటు చేశారు. ఆ పరదా హైదరాబాదులోనే ఆగిపోలేదు. నల్గొండ, పాలమూరు పల్లెల్లో దొరల గడీలున్నాయి కదా, అక్కడి దొరసానులకీ ఘోషా ఉండేది. పుట్టింటికి పోవాలన్నా బండికి నాలుగువైపులా గుడ్డ కట్టాల్సిందే.

ఆ బండిలో దొరసాని ఒక్కతే వచ్చేది కాదు. కాపురానికి వచ్చే దొరబిడ్డకి పుట్టింటివాళ్ళు సారెలో గంగాళాలు, బిందెలు, పట్టుచీరలతో పాటు ఒక ఆడపిల్లని కూడా ఇచ్చేవాళ్ళు. ఆమెని ఆడబాప అనేవాళ్ళు. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆచారాన్ని దాచకుండా రాశారు. మా అవ్వ ఆ మాట అనేటప్పుడు ఎందుకో గొంతు తగ్గించేది. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

ఆడబాపకి పెళ్ళి లేదు, జీతం లేదు. అక్బరు జనానాలోని ఆ 2 రూపాయలు కూడా లేవు. దొరసానికి నీళ్ళు తోడాలి, తల దువ్వాలి, కాళ్ళు పట్టాలి. రాత్రి దొర పిలిస్తే పోవాలి, దొర ఇంటికొచ్చిన చుట్టాలు పిలిచినా పోవాలి. పిల్లలు పుడితే వాళ్ళు గడీ పనివాళ్ళే గాని, దొర బిడ్డలు కారు.

ఇప్పుడు ఆ బండిలోని ఇద్దరు పిల్లల్నీ ఒక్కసారి మనసులోకి తెచ్చుకోండి. ఇద్దరికీ ఇంకా ఆటలాడుకునే వయసే. ఒకే ఊరు, ఒకే బావి నీళ్ళు. కొత్త ఊళ్ళో దొరసానితో పుట్టింటి మాట మాట్లాడే మనిషి ఆ ఆడబాప ఒక్కతే. కొన్నేళ్ళకి దొర చూపు ఆ పిల్ల మీద పడుతుంది. దొరసానికి కడుపు మండుతుంది. దొరని అనలేదు, గడప దాటి పుట్టింటికి పోలేదు. ఇక ఆ మంటంతా ఎవరి వీపు మీద చల్లారాలి? దొరని వదిలేసి ఆడవాళ్ళిద్దరూ శత్రువులైపోయారు. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాలో ఇదంతా కళ్ళకు కట్టారు. కమలాక్షిగా వేసిన అర్చనకి జాతీయ అవార్డు వచ్చింది. గడీలో కడుపు తీయించుకోవలసివచ్చిన ఆ దాసి మొహం చూశాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

దొరసానులందరూ కుమిలిపోయినవాళ్ళేనని చెప్పను. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న కడవెండిలో విసునూరు దొర తల్లి జానకమ్మ ఉండేది. వెట్టివాళ్ళ పట్ల ఆవిడ కాఠిన్యం గురించి పోరాట చరిత్రల్లో రాశారు. అదే జిల్లా తుంగతుర్తి ప్రాంతంలో భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం పదేళ్ళు దాటీ దాటకముందే, ఆంధ్ర మహాసభ పిలుపు విని వెట్టివాళ్ళకి తమ ఇంటి ధాన్యం పంచింది. పెద్దయ్యాక తుపాకీ పట్టింది, 1978లోనూ 1983లోనూ అసెంబ్లీకి గెలిచింది, 2022లో కన్నుమూసింది. లోపలే పుట్టినా పరదా తీయడం చేతకానిదేం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

స్వరాజ్యంలాంటి వాళ్ళ మాటలని 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు. పోరాడినవాళ్ళకి ఆ పుస్తకమైనా దక్కింది. ఇసుర్రాయి దగ్గరా స్నానాలగది దగ్గరా బతుకు వెళ్ళదీసిన ఆడబాప చేత చెప్పించుకునే నాథుడు ఎక్కడున్నాడు?

ఇప్పుడు గడీలు చూడ్డానికి కార్లు వేసుకుని పోతున్నాం. ఎత్తయిన దర్వాజా ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నాం, చెక్కుడు స్తంభాలకి మురిసిపోతున్నాం. ఈసారి వెళ్ళినప్పుడు ముందు హాల్లోనే ఆగకండి. వెనక వంటిల్లు దాటితే నీళ్ళ బావి పక్కన కిటికీ లేని చిన్న గదులు కనబడితే, అక్కడ కాసేపు నిలబడండి. పిల్లలు వెంట ఉంటే, అక్కడ ఎవరు పడుకునేవాళ్ళో గొంతు తగ్గించకుండా చెప్పండి.