విరుగుడు ఎక్కించు వేగము

తలనొప్పికి వాడు పారాసిటమాల్ మోతాదు మించినచో కాలేయము చెడును. దీనికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. ఎనిమిది గంటలలోపు దానిని సిరలోనికి ఎక్కించినచో కాలేయమును దాదాపు తప్పక కాపాడవచ్చునని ఎడింబరోలో ప్రెస్కాట్ బృందము 1979లో ప్రకటించెను.

బరువు కిలోకు మొత్తము 300 మిల్లీగ్రాములు. అందు సగము మొదటి పావుగంటలోనే! వాంతులు, దద్దుర్లు, ఒక్కొక్కప్పుడు ఆయాసము. చికిత్సను మధ్యలో ఆపవలసి వచ్చెడిది; ఆపినచో కాలేయమునకు ముప్పు. ఇది నిజమైన ఎలర్జీ కాదు, మందు ఒక్కుమ్మడిగా చేరుటచే హిస్టమిన్ వెలువడుటయే. విచిత్రమేమన, రక్తములో పారాసిటమాల్ తక్కువగా ఉన్నవారికే ఈ బాధ ఎక్కువ.

2014లో వెలువడిన బ్రిటిష్ పరీక్షలో అదే మోతాదును మొదటి రెండు గంటలలో 100, తరువాతి పది గంటలలో 200గా ఇచ్చిరి. తీవ్ర ప్రతిచర్యలు పాతపద్ధతిలో 31 మందికి, క్రొత్తదానిలో 5గురికే కలిగెను. అయితే కాలేయరక్షణలో రెండును సమానమని తేల్చుటకు ఆ 222 మంది చాలరు.