ఎవరి ఫైళ్లు ఎంత చోటు తిన్నాయి?

ఉమ్మడి కంప్యూటర్‌లో డిస్కు నిండిపోతే, నింపినవాడి పని ఒక్కటే కాదు, అందరి పనీ ఆగిపోతుంది. మంగళగిరి మండలం నీరుకొండలోని విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి, 2021లో మన మిర్చి పూతను దెబ్బతీసిన నల్ల తామర పురుగు జన్యుక్రమం మీద పని మొదలుపెట్టాడనుకుందాం. రోజుల తరబడి నడిచిన లెక్క ఫలితం రాయబోయే వేళకి డిస్కులో చోటుండదు. నింపినవారెవరో అతనికి తెలియదు. ఆ ‘ఎవరు, ఎంత’ అన్న ప్రశ్న వెనుక అరవయ్యేళ్ల కథ ఉంది.

1961లో ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే సీటీఎస్ఎస్‌ను నడిపి చూపించింది. తర్వాత దానికి డిస్కు చేరింది, ఎవరికెన్ని ట్రాకులో హద్దూ వచ్చింది. దాని వారసుడు మల్టిక్స్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ హద్దును మనిషికి కాక డైరెక్టరీకి పెట్టారు. ఎన్ని పేజీలు ఎంతసేపు ఉన్నాయో గుణించి బిల్లు వేసేవారు. అద్దె గోదాములో బస్తాలు దాచుకునే రైతుకు ఇది కొత్తగా అనిపించదు: ఎన్ని బస్తాలన్నదీ, ఎన్నాళ్లున్నాయన్నదీ రెండూ లెక్కే.

1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడివాళ్లు రాసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్‌లో ఈ హద్దులు లేవు. 1971 నాటి మొదటి మాన్యువల్‌లో మాత్రం ‘డీయూ’ అనే కమాండు ఉంది. ఒక ఫోల్డరు కింద ఫైళ్లన్నీ తిరిగి, డిస్కులో ఎన్ని బ్లాకులు పట్టాయో కూడి చెబుతుంది. 1977లో ఆహో, వైన్‌బెర్గర్, కెర్నిఘన్ ‘ఆక్’ అనే చిన్న భాష రాశారు. ఎవరు ఎంత చోటు వాడారో చెప్పేలా ఇప్పుడు మనం రాసుకునే స్క్రిప్టుకు ప్రాణం ఇదే. ‘ఫైండ్’ ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస ఇస్తుంది: యజమాని పేరు, పక్కన బ్లాకులు. పేరునే గుర్తుగా పెట్టుకుని ఆక్ కూడుతూ పోతుంది. చివర్లో పెద్ద మొత్తం పైకి వచ్చేలా ‘సార్ట్’ పేరుస్తుంది. అంతా కలిపి ఒక్క వరుస.

ఆ వరుసలో మెలకువలున్నాయి. ఫైలు పొడవు అడగాలా, అది నిజంగా ఆక్రమించిన బ్లాకులు అడగాలా? మధ్యలో ఖాళీలు వదిలి రాసిన ఫైలు పొడవులో వంద జీబీ కనిపించినా, డిస్కులో పిసరంతే పట్టవచ్చు. కాబట్టి బ్లాకులే అడగాలి. రెండు పేర్లున్న ఒకే ఫైలును డీయూ ఒకసారే లెక్కిస్తుంది. మన స్క్రిప్టు మాత్రం జాగ్రత్త పడకపోతే రెండుసార్లు కూడేస్తుంది. ఇలాంటి తప్పుతో ఒకరికి హెచ్చరిక వెళితే లెక్క మీదే నమ్మకం పోతుంది.

హద్దు తిరిగి వచ్చింది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి. అక్కడి రాబర్ట్ ఎల్జ్ రాసిన డిస్కు కోటా 1983లో బర్కిలీవారి యూనిక్స్ రూపం 4.2 బీఎస్డీలో చేరింది. అందులో రెండు గీతలు. పై గీత దాటనివ్వదు. కింది గీత దాటితే లాగిన్ అయినప్పుడల్లా హెచ్చరిస్తుంది. మూడు హెచ్చరికలైనా తగ్గించుకోకపోతే ఆ గీత కూడా గోడే. ఇందులో నాకు బాగా నచ్చేది ఈ ఓపికే. పని మధ్యలో ఉన్నవాడికి సర్దుకునే వ్యవధి ఇచ్చింది.

తర్వాత ఫైళ్లు కోట్లకు చేరాయి. 1999లో పీటర్ బ్రామ్ మొదలుపెట్టిన లస్టర్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలు అనేక సర్వర్ల మీద పరుచుకుంటుంది. దాని మీద ఫైండ్ నడిపితే, ఫైళ్ల పేర్లు, యజమానుల వివరాలు ఉంచే, అందరూ ఆధారపడే మెటాడేటా సర్వర్‌కే భారం. లెక్క తీయడమే పనికి అడ్డం! ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏ దీనికి రాబిన్‌హుడ్ అనే పరికరం రాసింది. లస్టర్ రాసుకునే మార్పుల చిట్టా చదివి, ఎవరి ఫైళ్లు ఎంతున్నాయో డేటాబేస్ నుంచే చూపిస్తుంది. ఫైళ్ల మధ్య మళ్లీ మళ్లీ తిరగనక్కరలేదు.

మన దగ్గరా ఇలాంటి పెద్ద యంత్రాలున్నాయి. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలైంది. ఐఐటీ హైదరాబాద్‌లోని సూపర్‌కంప్యూటర్ పరమ్ సేవ అందులో భాగమే. ఇలాంటి యంత్రం మీద విద్యార్థులు వస్తారు, డిగ్రీ తీసుకుని వెళతారు. ఖాతా తీసేశాక ఫైండ్ వాళ్ల పేరు చోట ఉత్త అంకె చూపిస్తుంది. పట్టికలో అలాంటి అంకె పైవరుసలో ఉంటే ఎవరికి ఉత్తరం రాయాలి? ఆ ఫైళ్ల అవసరం ఇంకా వాళ్ల పరిశోధన గైడుకు ఉండవచ్చు. 2017లో లస్టర్ 2.10 ప్రాజెక్టు కోటా తెచ్చింది. మనిషిని వదిలి ఫోల్డరుకు హద్దు పెట్టడం, అంటే మల్టిక్స్ ఎప్పుడో చేసిన పనే. ఇప్పుడు స్క్రిప్టు చదవాల్సిన రెండో పట్టిక ఒకటుంది: ప్రాజెక్టు అంకె, గైడు పేరు, ముగింపు తేదీ. దాన్ని ఏ కమాండూ తయారు చేసి పెట్టదు. ఫోల్డరు ఇచ్చే రోజునే అడిగి రాసుకోవాలి.