కొండ నిప్పుకు కాపలా ఎవరు?

తూర్పు కనుమల్లో సర్కారు ముందు నేర్చుకున్నది నిప్పు పెట్టినవాణ్ని శిక్షించడం. ఆ నిప్పును ఆర్పడానికి ఒక బండీ, నలుగురు మనుషులూ ఉండాలన్న ఆలోచన చాలా దశాబ్దాల తర్వాత గానీ కొండెక్కలేదు. అరకు, పాడేరు, చింతపల్లి సీమల్లో అగ్నిమాపక సేవ కథను ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

1864 ప్రాంతంలో మధ్య పరగణాల బోరీ అడవిలో కర్నల్ పియర్సన్ అనే అధికారి నిప్పు నుంచి అడవిని కాపాడే పద్ధతి మొదలుపెట్టాడు. ఎండుటాకు, గడ్డి తీసేసి గీతల్లా ఖాళీ జాగా వదిలితే మంట అక్కడితో ఆగుతుంది. దేశమంతా ‘ఫైర్ లైన్లు’ పాకింది ఆ తర్వాతే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది.

కొండవాళ్లకు మాత్రం నిప్పు సేద్యంలో ఒక పనిముట్టు. చలికాలం పోయాక వాలు మీద పొదలు, చెట్లు కొడతారు. ఎండలు ముదిరేదాకా ఆరబెట్టి కాలుస్తారు. తొలకరికి ఆ బూడిదలో సామలు, కొర్రలు, చోళ్లు, కందులు చల్లుతారు. అదే పోడు. కాల్చే ముందు చుట్టూ ఆకు ఊడ్చి హద్దు చేయడం పెద్దవాళ్లు నేర్పిన జాగ్రత్త. ఆ రకంగా చూస్తే ఫైర్ లైన్ తెలివి పియర్సన్ రాకముందే కొండల్లో ఉంది. చట్టం దాన్ని గుర్తించలేదు, మంటను ఒక్కదాన్నే చూసింది.

ఫలితం మనకు తెలిసిందే. పోడు మీద ఆంక్షలు, అటవీ సిబ్బంది వేధింపులు, రోడ్డు పనుల్లో వెట్టి, అన్నీ కలిసి మన్యాన్ని రగిలించాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. ఆ తిరుగుబాటు కారణాల్లో నిప్పు మీద హక్కు కూడా ఒకటని చెప్పడం అతిశయోక్తి కాదనుకుంటాను. ఇంకో విషయం. నిప్పును పూర్తిగా ఆపేస్తే తేమ అడవుల్లో టేకు మొలకలు తగ్గిపోతున్నాయని బర్మాలో అటవీ అధికారులే 20వ శతాబ్దం మొదట్లో గ్రహించారు. కొన్నిచోట్ల ఆ పట్టు సడలించారు కూడా. ఆ వెసులుబాటు టేకుకు దొరికింది గానీ పోడు రైతుకు దొరకలేదు.

మైదానంలో కథ వేరు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు పట్టణాలకు అగ్నిమాపక దళం ఎంత అవసరమో యుద్ధం చూపించింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికీన్’ నౌక పేలింది. పత్తి బేళ్లతో పాటు పేలుడు సామగ్రి మోసుకొచ్చిన ఓడ అది. మంటలార్పుతూ పదుల సంఖ్యలో అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు వదిలారు. వాళ్ల స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. మన్యంలో ఆ రోజులు పోడు కాల్చే కాలం, ఇటుకల పండగకు మగవాళ్లు వేటకెళ్లే కాలం కూడా. కొండంతా ఎండుటాకే. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చే అలవాటు అంతకు ముందే మొదలై ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ జారితే గాలివాటున వాలెక్కి పోతుంది. వాలు మీద మంట పైనున్న ఎండుగడ్డిని ముందే వేడెక్కిస్తుంది కాబట్టి దిగేటప్పటికంటే ఎక్కేటప్పుడే దాని జోరు ఎక్కువ.

1992 నాటి రాజ్యాంగ సవరణలు అగ్నిమాపక సేవను పన్నెండో షెడ్యూలులో, అంటే పురపాలికల పనుల్లో చేర్చాయి. పంచాయతీల పనులు చెప్పే పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో అది లేదు. మన్యం, సర్కారు మాటలో ఏజెన్సీ, పంచాయతీల సీమ. ఇక్కడ మంట ఎవరి బాధ్యతో ఆ కాగితం చెప్పదు. ఆ ఖాళీని రాష్ట్ర శాఖ పూరించాల్సిందే. 1999లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం కింద నడిచే ఆ శాఖ పేరులో ఇప్పుడు విపత్తు స్పందన కూడా చేరింది.

ఫైరింజన్‌లో సాధారణంగా పట్టేది 4,500 లీటర్ల నీళ్లు. తారురోడ్డు ఉన్న ఊళ్లో పూరిళ్ల వరుస అంటుకుంటే ఆ నీళ్లే దిక్కు. పల్లెకు 20 నిమిషాల్లో చేరాలన్నది దేశవ్యాప్తంగా చెప్పుకునే ప్రమాణం. కొండల్లో మాత్రం ఘాట్ రోడ్డు మలుపులు, మధ్యలో గెడ్డలు, ఆపైన కాలిబాట తప్ప దారిలేని గూడేలు. రోగిని డోలీలో మోసుకెళ్లే ఊరికి 101కు ఫోన్ చేస్తే ఏమొస్తుంది? ఆ సిబ్బందిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మంటే కాదు, లోయలో పడ్డ బండ్లు, జలపాతాల దగ్గర మునిగినవాళ్లు, ఇవన్నీ కూడా వాళ్ల పనే. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. అలాంటి లోయల్లోకి తాళ్లు కట్టుకుని దిగేవాళ్లకు ఆ వాలు తెలిసిన స్థానికుడి చేయి తోడు కావాలి.

ఇక అడవి మంట దగ్గరికి ఫైరింజన్ వెళ్లదు. పచ్చి కొమ్మలతో కొట్టి, ఆకు ఊడ్చి, అవసరమైతే ఎదురు మంట పెట్టి ఆర్పేది అటవీ శాఖ వాచర్లు, వన సంరక్షణ సమితుల సభ్యులు, పక్క గూడెంవాళ్లు. ఇప్పుడు ఉపగ్రహం 375 మీటర్ల నిశితత్వంతో మంటను పసిగడుతుంది. భారత అటవీ సర్వే సంస్థ నుంచి ఫోన్లకు సందేశం వస్తుంది. సందేశం వచ్చాక కొండెక్కాల్సింది మళ్లీ ఆ మనుషులే.

ఒక మార్పు మాత్రం నిజంగా జరిగింది, అదీ చట్టంతో కాదు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాలు అరకు కొండల్లో రైతుల సొంత పంటలయ్యాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పోడును ఏటా కాల్చవచ్చు, కాఫీ తోట కాలితే ఏళ్ల రాబడి పోతుంది. తోట ఉన్న రైతుకు ఫైర్ లైన్ గీయమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అమెరికా పల్లెల్లో ‘అగ్నిమాపక జిల్లా’ అనే ఏర్పాటు ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆస్తిపన్నుతో దాన్ని పోషిస్తారు, చాలాచోట్ల బోర్డును ఓటేసి ఎన్నుకుంటారు. ఆ దేశపు అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలే. ఆస్తిపన్ను మాట మన్యంలో కుదరదు, కుదరకూడదు కూడా. కానీ ఊరే తన దళాన్ని నడుపుకోవడానికి మనకు సభ ఉంది. 1996 పెసా చట్టం గిరిజన గ్రామసభకు తన వనరుల మీద మాట ఇచ్చింది. కేంద్రం ‘ఆపద మిత్ర’ పథకాన్ని 350 జిల్లాలకు విస్తరించి, వరద, తుపాను, కొండచరియ, భూకంపాలకు లక్షమంది కార్యకర్తలను తయారుచేయాలనుకుంది. ఆ జాబితాలో అడవి మంట లేదు. మన్యానికి దాన్ని చేర్చాలి. గూడేనికి పదిమందిని ఎంచే పని గ్రామసభకు ఇవ్వాలి. బూట్లు, తాళ్లు, నీటి సంచులు, బీమా, మంటార్పిన రోజుకు కూలి అగ్నిమాపక స్టేషన్ ద్వారా అందాలి. ఏప్రిల్ వారోత్సవాలప్పుడు స్టేషన్ సిబ్బంది సంతలో చేసే ప్రదర్శనలో, ఎదురు మంట పెట్టడం ఎలాగో చూపే వంతు ఆ గూడెం పెద్దలకు ఇవ్వాలి.