అంకె యంత్రానిది, అర్థం మనుషులది: యునిక్స్‌లో పరికరాల జాబితా చరిత్ర

మచిలీపట్నంలో శాస్త్రీయ పరికరాల తయారీకి దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది. 1926లో అయ్యగారి రామమూర్తి అక్కడ నెలకొల్పిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో కలిసి, నేటికీ దృశ్య పరికరాల కర్మాగారంగా కొనసాగుతోంది. ఆ తరం పరికరాల్లో సాధారణంగా తయారీదారు పేరూ వరుస సంఖ్యా పైనే చెక్కి ఉండేవి కనుక, కంటితో చూసి గుర్తుపట్టడం సాధ్యమయ్యేది. కంప్యూటరు వచ్చాక డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలు పెట్టె లోపలికి చేరాయి. లోపల ఏమేమి ఉన్నాయో యంత్రాన్నే అడిగి తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

ఈ అవసరం కృష్ణా డెల్టాకు బ్యాంకుల మూలంగానూ పరిచయమైంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకుల యాంత్రీకరణపై నివేదిక ఇచ్చిన దరిమిలా ప్రభుత్వరంగ బ్యాంకులు యునిక్స్ నడిచే యంత్రాలను పెద్ద ఎత్తున కొన్నాయి. లెడ్జర్లకు అలవాటుపడిన వ్యవస్థలోకి ఆ విధంగా డిస్కులు, టేపులు, టెర్మినళ్లు వచ్చి చేరాయి.

యునిక్స్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు మొదలుపెట్టారు. పరికరాన్ని కూడా ఫైలుగానే చూపించాలన్న వారి నిర్ణయం వల్ల ‘డెవ్’ అనే డైరెక్టరీలో ప్రతి డిస్కుకూ, ప్రతి టెర్మినల్‌కూ ఒక్కో పేరు ఏర్పడింది. ఆ డైరెక్టరీని వివరంగా చూపమన్నప్పుడు వచ్చే వరుస మొదట్లో ‘సి’ ఉంటే అది అక్షరాల ప్రవాహంగా పనిచేసే పరికరమనీ, ‘బి’ ఉంటే సమాచారాన్ని దిమ్మలుగా ఇచ్చిపుచ్చుకునే పరికరమనీ అర్థం. మామూలు ఫైలుకు పరిమాణం ఉండే చోట ఇక్కడ రెండు అంకెలు కనిపిస్తాయి: మొదటిదైన మేజర్ సంఖ్య ఏ డ్రైవరు, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రాము, దాని బాధ్యత వహిస్తుందో చెబుతుంది, రెండోదైన మైనర్ సంఖ్య ఆ డ్రైవరు కింద ఉన్న వాటిలో ఇది ఏ పరికరమో చెబుతుంది. యునిక్స్ తరహాలో రూపొందిన తర్వాతి కాలపు లైనక్స్‌లో ‘8, 0’ మొదటి డిస్కు, ‘8, 1’ అందులోని మొదటి భాగం, ‘8, 16’ రెండో డిస్కు.

అయితే తొలినాళ్లలో ఈ పేర్లన్నీ మనిషి చేత్తో రాసినవే. నిర్వాహకుడు పరికరాల వివరాలు ముందే నమోదుచేసి, యంత్రాన్ని నేరుగా నడిపే భాగమైన కెర్నెల్‌ను వాటికి తగ్గట్టు మళ్లీ కూర్చేవాడు. డైరెక్టరీలో పేరున్నంత మాత్రాన పరికరం నిజంగా ఉన్నట్టు కాదు. 1981 జూన్‌లో వెలువడిన 4.1 బీఎస్‌డీ అనే యునిక్స్ రూపాంతరంలో రాబర్ట్ ఎల్జ్ రాసిన స్వయం గుర్తింపు పద్ధతి చేరాక, కెర్నెల్ ప్రారంభమవుతూనే పరికరాలను వెతికి పలకరించడం మొదలైంది. ఆ సమయంలో అది వెలువరించే సందేశాలను తర్వాత చూపే ‘డీమెసేజ్’ ఆదేశం నేటికీ మొదటి ఆధారం.

తర్వాతి మలుపు 1992లో కార్డులను కంప్యూటరుకు కలిపే పద్ధతిగా ఇంటెల్ ప్రకటించిన పీసీఐ. ఈ పద్ధతిలో ప్రతి కార్డూ తయారీదారు సంఖ్యనూ, నమూనా సంఖ్యనూ, తాను చేసే పని తరగతినీ తనలోనే దాచుకొని, అడిగినప్పుడు చెబుతుంది. లైనక్స్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశాన్ని అంకెల్లోనే చూపమంటే ‘00:03.0 0200: 8086:1229’ వంటి వరుస వస్తుంది. ఇందులో 00 అనేది పరికరం ఉన్న బస్సు, అనగా పరికరాలను కలిపే మార్గం. 03 ఆ మార్గంలో దాని స్థానం. చివరి సున్నా అది చేసే పనుల్లో మొదటిది. 0200 ఈథర్‌నెట్ నెట్‌వర్క్ తరగతి. 8086 ఇంటెల్ సంస్థ. 1229 ఆ సంస్థ చేసిన ప్రో 100 కుటుంబపు నెట్‌వర్క్ చిప్పు.

ఇక్కడ గమనించవలసిందేమంటే, కార్డు చెప్పింది అంకెలే తప్ప ఇంటెల్ అన్న పేరు కాదు. పొలానికి సర్వే నంబరు ఉన్నా, అందులో ఎవరు ఏ పంట వేశారో తెలియాలంటే అడంగల్ తెరవవలసినట్టే, ఈ అంకెలకు అర్థం తెలియాలంటే వేరే పట్టిక కావాలి. చెక్ దేశస్థుడైన మార్టిన్ మారెష్ ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ రాయడంతోపాటు అటువంటి పట్టికనూ ప్రారంభించగా, ప్రపంచం నలుమూలల నుంచి వినియోగదారులు తమకు తెలిసిన సంఖ్యలను పంపుతూ దాన్ని పెంచారు. పట్టిక పాతదైతే ఆదేశం కొత్త కార్డును పేరు లేని పరికరంగా చూపుతుంది. దాన్నిబట్టి కార్డు చెడిపోయిందనుకోవడం పొరపాటు. అదే విధంగా, జాబితాలో కార్డు కనిపించడం వేరు, దానికి డ్రైవరు కుదరడం వేరు. 2003 చివర వచ్చిన లైనక్స్ 2.6లోని ‘సిస్’ డైరెక్టరీ ఏ పరికరం ఏ డ్రైవరుకు కట్టుబడిందో విడమరచి చూపడంతో ఈ తేడా తెలుసుకోవడం సులువైంది.

కృష్ణా డెల్టాలో ఇలాంటి యంత్రాల అవసరం బ్యాంకులతో ఆగలేదు. గుడివాడ, మచిలీపట్నాల మధ్య గుడ్లవల్లేరులో 1998లో ఇంజినీరింగ్ కళాశాల వెలిసింది. 1977 నవంబరు 19న ఉప్పెన సమీపంలోని దివిసీమను ముంచెత్తిన తర్వాతి దశాబ్దాల్లో మచిలీపట్నంలో తుపాను రాడార్లు వచ్చాయి. కళాశాల ప్రయోగశాలలోనైనా, బ్యాంకు శాఖలోనైనా, వాతావరణ కేంద్రంలోనైనా ఒక భాగం పనిచేయనప్పుడు మరమ్మతు మొదలు కావలసింది అది ఏదో సరిగా తెలుసుకోవడంతోనే. యునిక్స్ చరిత్ర చూపేదేమంటే, చేతిరాత జాబితా నుంచి యంత్రం తానే ఇచ్చే జాబితా వరకు సాగిన మార్పులో మనిషి పని తగ్గలేదు. నమోదుచేసే పని పోయి, పట్టికను ఉమ్మడిగా పెంచుతూ జాబితాను సరిగా చదివే పని వచ్చింది. కనుక ఆదేశాలను కంఠస్థం చేయించడం కంటే, ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దాని అర్థాన్ని ఎవరు నిర్ణయించారో విద్యార్థులకు నేర్పడం ముఖ్యం.